ఊపి చూసిన డబ్బా

బోనాలప్పుడు తెరిచిన ఒకే ఒక్క ఇన్‌హేలర్‌ను శివరాత్రి దాకా నడిపించిన మనిషిని నేను. నెలకు సరిపడా మందు పట్టే డబ్బా అది. మాదాపూర్ నుంచి నల్లగండ్ల దాకా ఉబ్బసం ఉన్నవాళ్లందరినీ వరసగా నిలబెట్టి అడగండి, ఇంత పొదుపుగా దగ్గినవాళ్లు ఇంకొకరు దొరకరు. అసలు కొనడంలోనే తెలివి చూపించాను. మందుల షాపతను రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకదాని వీపున చిన్న కిటికీ, అందులో ఇంకా ఎన్ని పీల్పులు మిగిలాయో చెప్పే అంకె. రెండోదానికి కిటికీ లేదు, ధర కొంచెం తక్కువ. లోపల మందు ఒకటేనా అని అడిగితే ఒకటేనన్నాడు. మరి కిటికీకి డబ్బులెందుకు, నాకు చెవులున్నాయి కదా అనుకుని రెండోది తెచ్చుకున్నాను.

ఆ చెవుల సంగతి చెప్పాలి. జనగామలో మాది కిరాణా దుకాణం. పక్కనే పెద్దబాపు ఎండుమిర్చి కొట్టు, ఎదురుగా చిన్నాయన స్టీలు సామాన్ల దుకాణం. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు తూకం వచ్చేది. మా బాపు నూనె డబ్బా మూత తీసి లోపలికి చూసేవాడు కాదు. డబ్బాను ఒక మూల మీదికి వంచి, తను కూడా వంగి, చెవి ఆనించి ఒకసారి ఊపేవాడు. ఆ చప్పుడును బట్టి సగముందా, పావుందా, అడుగంటిందా అన్నది చెప్పేసేవాడు. మూత తీస్తే దుమ్ము పడుతుంది, గిరాకీ కళ్లకు అడుగు కనిపిస్తుంది, పరువు పోతుంది. ఊపితే ఏదీ పోదు. మా తమ్ముడికి ఆ విద్య పట్టుబడలేదు, నాకు పట్టుబడింది. పాత సరుకు అయిపోకుండా కొత్త బస్తా కుట్టు విప్పొద్దన్న పాఠం కూడా అక్కడిదే. గిరాకీ లేని వేళ దీపం దండగన్నది ఇంకొకటి.

ఈ చదువంతా తీసుకెళ్లి నా ఊపిరితిత్తుల మీద పెట్టాను.

డాక్టరు నాకు రెండు ఇన్‌హేలర్లు రాశాడు. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు అప్పటికప్పుడు పీల్చేది. గోధుమరంగుది ఆయాసం ఉన్నా లేకున్నా పొద్దున రెండు, సాయంత్రం రెండు పీల్పులు. నీలందాని మీద నాకు ఎప్పుడూ గౌరవమే. పీల్చిన కాసేపటికి ఛాతీ వదులవుతుంది. డబ్బు ఇచ్చాం, సరుకు చేతికొచ్చింది. గోధుమరంగుదాంట్లో ఆ నిజాయితీ కనిపించలేదు. ఎంత పీల్చినా ఏమీ తెలియదు. కంటికి కనిపించని సరుకుకు రోజూ నాలుగు పీల్పుల ఖరీదు ఎందుకివ్వాలి. అందుకని బాగున్న రోజున దాన్ని ముట్టుకునేదాన్ని కాదు. బాగోలేని రోజున ఒకటి, మరీ బాగోలేకపోతే రెండు. తీసే ముందు చెవి దగ్గర ఊపి చూసేదాన్ని. లోపల కులుకులుమని చప్పుడయ్యేది. ఇంకా ఉంది అనుకునేదాన్ని.

దసరా దాటాక చలి మొదలైంది, దాంతో నా పని అయిపోయింది. మేముండేది నిజాంపేటలో, చుట్టూ హాస్టళ్లు, కింద పిండిగిర్ని. ఆఫీసు మాదాపూర్‌లో. పొద్దున్నే మెట్రో మెట్లెక్కడం, దిగడం, మళ్లీ రోడ్డు దాటే వంతెన మెట్లెక్కడం, అటు చివర సిమెంటు లారీలు లేపిన దుమ్ములోంచి నడవడం. వంతెన మీద సగంలో ఆగి ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడేదాన్ని. నిజానికి చూసేది ఏమీ లేదు, ఊపిరి అందేదాకా నిలబడటానికి ఒక సాకు. ఆ వంతెన మీద రోజూ అలా ఫోన్ చూసేవాళ్లు ఇంకొందరు ఉండేవాళ్లు. వాళ్లంతా నిజంగానే ఫోన్ చూస్తున్నారో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఒక పెద్ద ఐటీ బిల్డింగుకు కావలసిన నీళ్ల క్యాన్లు, కాఫీ పొడి, ఫినాయిలు, చేతులు తుడుచుకునే కాగితాలు కొనిపెట్టడం నా ఉద్యోగం. బేరానికే జీతమిస్తారు. ఆ ఏడాది లిఫ్టుల దగ్గర కొట్టే సువాసన ద్రవం కూడా నేనే చవకగా మాట్లాడి తెచ్చాను. మల్లెపూల వాసన అని రాసి ఉంటుంది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ మల్లెలు నా గొంతు పట్టుకునేవి. నేను కొన్న సరుకే నన్ను మెట్ల మీదికి తరిమేది. మెట్లు ఎక్కితే ఆయాసం, లిఫ్టు ఎక్కితే దగ్గు. ఆ రెండింటి మధ్య బ్యాగు పట్టుకుని నిలబడి ఏది చవకో లెక్క వేసుకునేదాన్ని.

డిసెంబరులో దవాఖానకు వెళ్లాను. ఊపిరి కొలిచే గొట్టం ఊదించారు. గొట్టం మీద పచ్చ, పసుపు, ఎరుపు రంగులుంటాయి. గట్టిగా ఊదితే ముల్లు జరిగి ఎక్కడో ఒకచోట ఆగుతుంది. నాది పసుపులో, ఎరుపుకు పొరుగింట్లో ఆగింది. అక్కడ కొత్తగా ఒక పద్ధతి పెట్టారు. పెద్దవాళ్లెవరికైనా మందు పెంచాల్సి వస్తే, పెంచే ముందు వాళ్లకు తమ జబ్బు గురించి ఎంత తెలుసో కొలవాలి. దానికి ఒక ప్రశ్నల కాగితం, అడగడానికి ఒక కౌన్సెలర్. రక్తం తీసే గదికీ నీళ్ల ఫిల్టరుకూ మధ్య ఆమె బల్ల. గోదావరి వైపు మాట. నాకంటే కాస్త చిన్నది, నాకంటే బాగా అలసిపోయి ఉంది. బల్ల ముందు కుర్చీల్లో దగ్గుతూ జనం.

"పరీక్ష అనుకోకండి మేడమ్. మీకు ఎంత తెలుసో మాకు తెలియాలి, అంతే."

"తెలిస్తే ఏమిస్తరు?"

"మార్కులేస్తామండి."

"తెల్వకపోతే?"

"ఇంకో గంట నా ఎదురుగా కూర్చోవాలండి. బొమ్మలు చూపించి అన్నీ చెబుతాను."

అప్పుడే ధర తెలిసిపోయింది. మధ్యాహ్నం నాకు కాఫీ పొడి వాళ్లతో బేరం ఉంది. గంట కూర్చునే ఓపిక నాకు లేదు, గంట చెప్పే ఓపిక ఆమె ముఖంలో లేదు. ఇద్దరికీ లాభమైన బేరం ఒకటే ఉంది, నేను అన్నీ తెలిసినదాన్ని కావడం.

ఆమె ఒక్కొక్క వాక్యం చదువుతుంది. నేను ఒప్పో, తప్పో, తెలియదో చెప్పాలి.

"ఆయాసం లేని రోజుల్లో రోజువారీ మందు మానేయొచ్చండి."

నేను చేసేది అదే. కానీ దుకాణంలో పుట్టినవాళ్లు ప్రశ్న వినరు, ఎదుటివాళ్ల చేతులు చూస్తారు. ఆమె కలం అప్పటికే 'తప్పు' గడి మీద వాలి ఉంది.

"తప్పు," అన్నాను.

"ఇన్‌హేలర్ మొదలుపెడితే అలవాటైపోతుంది, ఇక వదలదు."

దీని మీద నాకు గట్టి నమ్మకం. "అవ్," అని మొదలుపెట్టాను. ఆమె కనుబొమ్మ లేచింది. "అవ్, అని జనం అనుకుంటరు గానీ తప్పు," అని ముగించాను.

"భలే చెప్పారు మేడమ్. ఇక తర్వాతిది. ఆయాసం లేకపోయినా లోపల గొట్టాల్లో వాపు ఉండొచ్చు."

కలం 'ఒప్పు' మీదికి జరిగింది. నేనూ జరిగాను.

అలా చివరి దాకా వెళ్లాం. ఎక్కడైనా తడబడితే ఆమె గొంతు సవరించుకునేది, నేను సరుకు మార్చేదాన్ని. మొత్తం కలిపి కాగితం కింద పెద్ద సున్నా చుట్టి లోపల అంకె వేసింది.

"ఈ వారంలో మీకే ఫుల్లు మేడమ్. చదువుకున్నవాళ్లు కూడా ఇన్ని చెప్పలేదు."

సిగ్గుపడాల్సింది పోయి సంబరపడ్డాను. బల్ల దగ్గర నుంచి లేస్తుంటే వెనక కుర్చీలో ఉన్న ఒక సెక్యూరిటీ గార్డు నావైపు గౌరవంగా చూశాడు. ఆ గౌరవం కూడా తీసుకున్నాను.

డాక్టరు ముందు నా కాగితం ఒకవైపు, గొట్టం అంకె ఒకవైపు. ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశాడు. ఉస్మానియాలో చదివిన పెద్దాయన, మాట పాత బస్తీది.

"అన్నీ తెలుసు నీకు. మందు వాడుతున్నవు గద?"

"వాడుతున్న సార్."

వాడుతున్నాననడంలో అబద్ధం లేదు. ఎంత అని ఆయన అడగలేదు. అడగని తూకం చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

"మరి తెలివి బాగుంది, వాడకం బాగుంది, ఊపిరే బాగలేదు. అంటే ఈ మందు నీకు సరిపోతలేదు." అలా అని ఇంకొంచెం బలమైన కొత్త ఇన్‌హేలర్ రాశాడు. దాని కింద కొన్ని రోజులకు మాత్రలు రాశాడు. ఆ మాత్రల పేరు చదవగానే మేనత్త గుర్తొచ్చింది.

మా మేనత్తకు కూడా ఉబ్బసమే. ఆమె కాలంలో ఇన్‌హేలర్ అంటే సిగ్గు, నలుగురిలో నోట్లో పెట్టుకునేది కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒకాయన తెల్ల మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేవాడు. వేసుకున్న పూటే ఆయాసం పోయేది. ఏళ్ల తరబడి వేసుకుంది. మొహం గుండ్రంగా, నున్నగా తయారైంది. అత్తకు నిండుదనం వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు, దుకాణంలో కూర్చుంటే లక్ష్మీకళగా ఉందన్నారు. తర్వాత చక్కెర జబ్బు వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు పప్పు డబ్బా అందుకోబోతే వెన్నులో ఎముక విరిగింది. పడలేదు, దెబ్బ తగల్లేదు, చెయ్యి చాపింది అంతే. డాక్టరు రాసినవి ఆ జాతి స్టెరాయిడ్ మాత్రలే. నాకు ఉబ్బసం మీద ఉన్న భయం చిన్నది. ఆ మాత్రల మీద ఉన్న భయం మేనత్త అంత.

"సార్, ఇంకో నెల చూద్దాం. మాత్రలు తర్వాత రాయండి."

"బేరమాడకమ్మా."

"సగం రోజులు వేసుకుంట."

"ఇవి కొద్ది రోజులే. ఏం కాదు. కానీ మళ్ల గిట్లనే వస్తే మాత్రం రోజూ వేసుకునేటట్టు చూడాల్సి వస్తది, లేకుంటే సూదులు." ఆయన అప్పటికే తర్వాతి మనిషి కాగితం తెరిచాడు.

మాత్రలు వేసుకున్నాను. వేసుకోక తప్పలేదు. ఊపిరి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఏళ్ల తరబడి మూసి ఉన్న షట్టరు ఎవరో పైకెత్తినట్టు. నిద్ర మాత్రం పోయింది. ఆకలి పెరిగింది, ఎవరి మీద పడితే వాళ్ల మీద కోపం వచ్చేది. నీళ్ల క్యాన్లు తెచ్చే అతన్ని కారణం లేకుండా తిట్టి, మరునాడు టీ ఇప్పించాను. ఒక పొద్దున లిఫ్టు దగ్గర పక్క ఆఫీసు ఆవిడ "ఈమధ్య మంచి కళ వచ్చిందండీ మీకు, బుగ్గలు కూడా" అంది. నేను మెట్ల వైపు నడిచాను.

కొత్త ఇన్‌హేలర్ కొన్నాను, అది కూడా కిటికీ లేని రకమే. కొని వంటింట్లో చింతపండు జాడీ వెనక పెట్టాను. పాతది ఊపితే ఇంకా చప్పుడు చేస్తోంది కదా. పాత సరుకు ఉండగా కొత్తది విప్పడం ఎక్కడి మర్యాద.

మా ఆయన ఒక కాలేజీలో లెక్కలు చెప్తాడు. జాడీ జరిపినప్పుడు ఆ పెట్టె చూశాడు.

"ఏందిది, సీలు గూడ తియ్యలే?"

"పాతది ఒడవలే."

"ఆ పాతదాన్ని బోనాలకు తెచ్చినవ్. అక్షయపాత్రనా అది?"

"నీకు లెక్కలు వస్తయ్ గానీ సరుకు తెల్వదు. ఊపి చూడు."

ఆయన ఊపాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఏదో ఉన్నట్టే ఉన్నది," అన్నాడు పాపం. లెక్కల మనిషిని కూడా చప్పుడుతో ఒప్పించాను. తర్వాత ఆయాసం తిరగబెట్టిన రాత్రుళ్లు నేను దిండ్లు పేర్చుకుని కూర్చుని దగ్గుతుంటే, ఆయన గోడవైపు తిరిగి నిద్రపోతున్నట్టు ఉండేవాడు. ఇద్దరం నటించేవాళ్లం.

మాత్రల వల్ల వచ్చిన ఊపిరి సంక్రాంతి దాటాక మెల్లగా వెనక్కి పోయింది. శివరాత్రి వెళ్లిన వారం మళ్లీ దవాఖాన, మళ్లీ గొట్టం. ముల్లు అదే పసుపులో, ఈసారి ఎరుపు గడప మీదే ఆగింది. డాక్టరు గొట్టం చూసి, నా పాత కాగితం మీద గుండ్రంగా చుట్టిన అంకె చూసి, అలసటగా నిట్టూర్చాడు.

"పెంచిన మందు కూడా పట్టలే. ఇగ రోజూ చిన్న మోతాదుల మాత్ర తప్పదు. ఎముకలకు, చక్కెరకు పరీక్షలు రాస్త. మొదలుపెడదాం."

మేనత్త పప్పు డబ్బా కోసం చెయ్యి చాపడం కనిపించింది.

నా ముందు ఉన్న బేరం అప్పుడు అర్థమైంది. నేను అన్నీ తెలిసినదాన్నయితే తప్పు మందుది, మందుదే తప్పయితే మాత్ర ఖాయం. సరుకు ధర ముందే తెలుసునని గొప్పలు పోయే గిరాకీకి మా బాపు ఎప్పుడూ ఎక్కువకే అమ్మేవాడు. ఆ గిరాకీ ఇప్పుడు నేను. "ఒక్క నిమిషం సార్, బయట ఒకామెను కలిసి వస్త," అన్నాను. ఆయన వద్దనే లోపలే లేచాను.

కౌన్సెలర్ బల్ల అక్కడే ఉంది. ఎదుట కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడి, ఆ తర్వాత కూర్చున్నాను.

"ఆ పరీక్ష నాకు మళ్ల పెట్టు చెల్లె."

ఆమె నన్ను గుర్తుపట్టింది. "మీకు ఫుల్లు వచ్చింది కదండీ. ఫుల్లు వచ్చినవాళ్లకు మళ్లీ పెట్టం."

"అది దొంగ ఫుల్లు."

"కాపీ కొట్టారా?"

"నీ కలం చూసి చెప్పిన. ఒప్పయితే ముందే ఒప్పు మీద వాల్తది, తప్పయితే తప్పు మీద. కనుబొమ్మ గూడ చెప్తది."

ఆమె తన చేతిలోని కలం వంక చూసుకుంది. "అంటే ఇన్నాళ్లూ అందరికీ నేనే చెప్పేస్తున్నానా?"

"అందరికి గాదు. బేరం తెలిసినోళ్లకే."

నవ్వింది గానీ సంతోషంగా కాదు. "ఆ రోజు నాకూ తొందరేనండి. ఫుల్లు వచ్చినవాళ్లంటే నాకూ సుఖమే. నిజం చెప్పాలంటే మిమ్మల్ని చూసి బతికాననుకున్నాను." కలం సొరుగులో పడేసింది. కాగితం తీయలేదు. "ఒప్పులూ తప్పులూ వద్దండి. నిన్న పొద్దున్న ఏం చేశారో చెప్పండి."

"ఒకటి పీల్చిన."

"సాయంత్రం?"

"సాయంత్రం బాగనే ఉండె."

"మొన్న?"

"మొన్న తియ్యలే."

"సారు కొత్తది రాశారు కదండీ, అది?"

"చింతపండు జాడీ ఎనక ఉంది."

"అక్కడెందుకుందండి?"

"పాతది ఒడవలే చెల్లె."

పాతది చూపించమంది. బ్యాగులోంచి తీశాను. దాన్ని ఎలా పీలుస్తారో చేసి చూపించమంది. అలవాటు ప్రకారం ముందు చెవి దగ్గర పెట్టి ఊపాను.

"అదేంటండి?"

"ఎంత ఉందో చూస్తున్న."

"ఎంత ఉంది?"

"పావు. కొంచెం తక్కువ."

"ఎప్పుడు తెరిచారండీ దీన్ని?"

"బోనాలప్పుడు."

ఆమె గోధుమరంగు డబ్బా అందుకుని బల్ల మీద పెట్టింది. గొంతు తగ్గించి చెప్పింది, వెనక కుర్చీలవాళ్లకు వినపడకుండా. "చప్పుడు ఉందండి, కాదనను. కానీ ఆ చప్పుడు మందుది ఒక్కదానిదే కాదు. మందును బయటికి తోసేదొకటి ఉంటుంది లోపల. మందు అయిపోయాక కూడా అది కొన్నాళ్లు ఊపితే మోగుతుంది, నొక్కితే చుస్సుమంటుంది. ఊపితే ఏమీ తెలియదండి. ఇది ఎప్పుడో అయిపోయి ఉంటుంది."

"ఎప్పుడు?"

"అది మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను."

ఆ డబ్బా మళ్లీ తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను. అదే చప్పుడు. నూనె డబ్బాలో మోగేది నూనె ఒక్కటే. మా బాపు చెవి అబద్ధం కాదు, నేను దాన్ని తీసుకొచ్చి ఏ సరుకు మీద పెట్టానన్నదే అబద్ధం. దీపావళి తర్వాతో, సంక్రాంతి ముందో, లిఫ్టు దగ్గర, వంతెన మీద, దిండ్ల మధ్య కూర్చుని, నేను పద్ధతిగా పొదుపుగా పీల్చింది ఉత్త గాలి. దాన్ని కూడా ఆచితూచి పీల్చాను, అయిపోతుందేమోనని.

అప్పుడు ఆమె కాగితం తీసి మళ్లీ మొదటి నుంచి అడిగింది. కలం బల్ల కింద, ఒళ్లో పట్టుకుంది. ఈసారి నేను చేసేదే చెప్పాను. సగానికి పైగా పోయాయి.

"నిజం చెప్పినందుకన్నా ఒక మార్కెయ్ చెల్లె."

"అడిగితే వేయకూడదండి."

"అడగకపోతే ఏస్తుంటివా?"

"అప్పుడూ వేయనండి. కూర్చోండి, బొమ్మలు తెస్తాను."

ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ రోజు కూడా బేరానికి వస్తామన్న కాఫీ పొడి వాళ్లను రేపు రమ్మనమన్నాను. గంటసేపు కూర్చున్నాను. వాచిన గొట్టం బొమ్మ, వాపు తగ్గిన గొట్టం బొమ్మ. కనిపించని సరుకు ఇదేనండి, వాపు తగ్గడం కనిపించదు, అందుకే రోజూ కొనాలి అని నా భాషలోనే చెప్పే ప్రయత్నం చేసింది. మధ్యలో ఆమెకు ఆవలింత వచ్చింది, నాకు దగ్గు వచ్చింది. ఇద్దరం ఒకరికొకరు క్షమాపణ చెప్పుకున్నాం. ఖాళీ డబ్బాతో పీల్చడం నేర్పించింది. అది కూడా నేను తప్పుగానే చేస్తున్నానట. నొక్కడం, పీల్చడం ఒకేసారి జరగాలి, నేను ముందు నొక్కి ఆ తర్వాత పీలుస్తున్నానట. దాని గురించి ఇక వాదించలేదు.

డాక్టరు ముందు ఇప్పుడు రెండు కాగితాలు. డిసెంబరుది ఒకటి, ఆ రోజుది ఒకటి.

"ఏందమ్మా ఇది? చలికాలంల తెలివి ఇంత తగ్గిందా?"

"తగ్గలే సార్. మొదటిది అరువు తెలివి."

కౌన్సెలర్ వచ్చి డబ్బా సంగతి చెప్పింది, తన కలం సంగతి కూడా దాచలేదు. ఆయన కోప్పడతాడనుకున్నాను. కళ్లజోడు తీసి కళ్లు రుద్దుకున్నాడు. "నేను మందు పెంచుకుంట పోతున్న. నువ్వు ఖాళీ డబ్బా పీల్చుకుంట పోతున్నవు. నడుమ ఈ కాగితం మనిద్దరికి అంతా బాగుందని చెప్పుకుంట ఉన్నది." చీటీ మీద మాత్ర పేరు చుట్టూ గీత గీశాడు. "ఇది ఇప్పటికి ఆపుతున్న. కొట్టెయ్యలే. జాడీ ఎనకది తీసి రెండు పూటల వాడు. ఉగాది అయినంక వచ్చి గొట్టం ఊదు. అది చెప్తది."

"మాత్ర వద్దని రాసియ్యరాదు సార్."

"గొట్టంతోని బేరమాడు. నాతోని కాదు."

ఆ రోజు సాయంత్రం మా ఆయన జాడీ వెనక పెట్టె సీలు తీశాడు. పాత డబ్బాను చెత్తలో వేయబోతూ అలవాటుగా ఊపాడు. "మోగుతున్నది," అన్నాడు. ఇద్దరం కాసేపు నవ్వాం. ఆ తర్వాత నాకు దగ్గు వచ్చి ఆగిపోయాం.

పొద్దున రెండు, సాయంత్రం రెండు. బాగున్న రోజున కూడా. బాగున్న రోజున పీల్చడమే కష్టం, గిరాకీ లేని దుకాణంలో దీపం పెట్టి కూర్చున్నట్టే ఉంటుంది ఇప్పటికీ. ఉగాది అయ్యాక వెళ్లి ఊదాను. ముల్లు పసుపు దాటింది, పచ్చ అంచు మీద ఆగింది. మళ్లీ ఊదమన్నారు, అక్కడే ఆగింది. డాక్టరు మాత్ర పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. ముల్లు లోపలి పచ్చలోకి ఎందుకు పోదని అడిగాను.

"పోవచ్చు. పోకపోవచ్చు. చానా రోజులు వాపు అట్లనే ఉన్నది గద."

"ఆ డబ్బా వల్లనా సార్? వయసు వల్లనా, ఈ దుమ్ము వల్లనా?"

"దేని వాటా ఎంతని నేను చెప్పలేనమ్మా."

ఇప్పుడు బిల్లు. మిగిల్చింది కొనకుండా ఆపిన కొన్ని డబ్బాల ఖరీదు. మిగిలింది నిజమే, దాంతో ఏం చేశానో మాత్రం గుర్తులేదు. పోయింది ఒక చలికాలపు నిద్ర, నాదీ, గోడవైపు తిరిగి పడుకున్న మనిషిదీ. మేనత్త మొహం కొన్నాళ్లు అరువు తెచ్చుకున్నాను, దాన్ని తిరిగి ఇచ్చేశాను. ఆ మాత్రలతో పెరిగి, డాక్టరు రాసిన పరీక్షలో బయటపడ్డ చక్కెర ఇంకా పూర్తిగా దిగలేదు. వంతెన మీద ఇప్పుడూ ఒకసారి ఆగుతాను, ఇదివరకంత సేపు కాదు. మల్లెపూల వాసన మాన్పించాను, దాని బదులు వాసన లేనిది తెచ్చాను, అది కొంచెం ఖరీదు. కిటికీ ఉన్న డబ్బా కొంటున్నాను, అదీ కొంచెం ఖరీదే. పచ్చ అంచుకూ లోపలి పచ్చకూ మధ్య ఉన్న ఆ కాస్త ఊపిరి ఎవరి వాటానో తేలలేదు. తూకం తేలనప్పుడు మా బాపు తేడాను గిరాకీ మీద వేసేవాడు కాదు, దుకాణమే భరించేది. ఇక్కడ అమ్మిందీ నేనే, కొన్నదీ నేనే. నష్టం మొత్తం దుకాణానిదే.